వీరశిరోమండపము నిలువవలెనా?

శ్రీశైల మల్లికార్జునస్వామి ఆలయప్రాకారములోపల వీరశిరోమండపమని ఒక మండపము గలదు. యాత్రికులలో పెక్కుమంది దాని నీడను ఒకింతసేపు నిలిచి, చెమట తుడుచుకొని, దర్శనమునకు సాగిపోవుదురు. దాని పేరును విడదీసి చూచువారు అరుదు. వీరుల శిరస్సుల మండపమని దాని యర్థము. భక్త్యావేశమున మనుష్యులు తమ తలలను తామే నఱికికొని దేవుని కర్పించుటకై ప్రత్యేకముగ కట్టబడిన కట్టడ మది. కొండవీటి ప్రభువగు అనవేమారెడ్డి శకవర్షము 1299 లో, అనగా క్రీ.శ. 1377 ప్రాంతమున, దీనిని కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. తలలనే కాక నాలుకలనుగూడ కోసి యర్పించువా రుండిరని ఆ శాసనమువలననే తెలియుచున్నది.

ఇట్టి కట్టడమును కాపాడుట ధర్మమా, కాదా? మనము ఆచారములలోని క్రౌర్యమును ఖండించువారము. నరబలి, సహగమనము, పసిబిడ్డల పెండ్లిండ్లు మున్నగువానిని మాన్పింపవలెనని మన పెద్దలు నిందలు పడి పాటుపడిరి. ఆ పాటు ఫలితమును మనము సుఖముగ ననుభవించుచున్నాము. అట్టివారము, మనము రోయుచున్న యాచారమునకు నిలువెత్తు సాక్ష్యముగ నున్న మండపమును ప్రజాధనము వెచ్చించి రక్షింపుడని కోరవచ్చునా? కోరినచో మన మాటకును మన పనికిని పొత్తు కుదురునా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకినది కాదు. కొంతకాలము క్రిందట మా తల్లిగారిని, పండ్రెండేండ్ల మేనకోడలిని వెంటబెట్టుకొని, నంద్యాలనుండి ఆత్మకూరు, దోర్నాలమీదుగ నల్లమల దాటి శ్రీశైలమునకు పోతిని. మండపమువద్ద కూర్చున్నపుడు ఆ పిల్ల దాని పేరునకు అర్థ మడిగినది. నేను దాచక చెప్పితిని. మా తల్లిగారు నొచ్చుకొని, “స్వామి సన్నిధిలో పసిదానికి ఆ మాటలెందుకురా నాయనా, మంచిమాట లేవైనా చెప్పరాదా?” అనిరి. పిల్ల మాత్రము బెదరలేదు. “వాళ్ల పేర్లేమిటి మామయ్యా?” అని యడిగినది. కట్టించినవాని పేరు అనవేమారెడ్డి యని చెప్పితిని. “ఆయన పేరు కాదు. తలలిచ్చినవాళ్ల పేర్లు” అన్నది. నాయొద్ద ఉత్తరము లేకపోయెను. నేటికిని లేదు.

శ్రీశైలము ఒక్కనాడు ఒక్కరిచే కట్టబడిన క్షేత్రము కాదు. కొండ యెక్కు యాత్రికులకై ప్రోలయ వేమారెడ్డి సోపానములు కట్టించెను. అహోబిలమునకును ఆయన యట్లే చేసెను. పాతాళగంగకు దిగు మెట్లు రెండవ హరిహరరాయల దేవియగు విఠలాంబ కట్టించినవందురు. స్వామి ముఖమండపము ఆ హరిహరరాయల నిర్మాణము. రథవీథిలోని మండపములు కృష్ణదేవరాయల కైంకర్యము. ఏనుగులు, గుఱ్ఱములు, వేటలు, శివలీలలు చెక్కిన రాళ్లతో కోటవలె నున్న ప్రాకారమును చూచి 1794 లో వచ్చిన కాలిన్ మెకంజీ ఆశ్చర్యపడి, తాను చూచినదానిని వ్రాసి ప్రకటించెను. అంతకు ఎన్నియో యేండ్లకు పూర్వమే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున ఈ పర్వతయాత్రను విపులముగ వర్ణించి యుండెను. ఇన్ని పేర్లు చెప్పితిని. చదువరు లొక విషయము గమనింతురు గాక. ఇవి యన్నియు కట్టించినవారి పేర్లు, వ్రాసినవారి పేర్లు, చూచి మెచ్చినవారి పేర్లు. కొండమీదికి రాళ్లు మోసినవారి పేరొక్కటియు వీనిలో లేదు. తల నిచ్చినవాని పేరును లేదు.

నా మిత్రు డొకడు గలడు. సంస్కరణకార్యములలో మాటకంటె పని యెక్కువగ చేయువాడు. ఆయనతో ఈ సంగతి ముచ్చటింపగా ఆయన స్పష్టముగ నిట్లనెను: “అట్టిదానిని నేలమట్టము చేయుటయే మేలు. రాయి మౌనముగ నున్నదని భ్రమపడకుము. అది బోధించుచునే యుండును. ఆత్మహత్యకు వీరత్వమని పేరుపెట్టిన మండపమును వేలకొలది జనులు భక్తితో చూచుచుండగా, మన ఉపన్యాసములు దానిముం దేమి పనిచేయును? ఊరి బడి పైకప్పు కురియుచుండగా, ఇట్టివానికి గార పూయుటకు ధన మెందుకు?” ఈ వాదమును తేలికగ త్రోసివేయ వీలులేదు. అన్న మాటలో న్యాయము గలదు. కట్టడము నిజముగ బోధించును. బడి పైకప్పును నిజముగ కురియుచున్నది.

దీనికి ఎదురుగ భక్తులగు పెద్దల పక్షము గలదు. వారికి మండపము పవిత్రము. దానిని కూల్చుట మహాపాపము. కాని దానిలో జరిగినదానిని చెప్పుటయు వారి కిష్టము లేదు. “అవి పాతరోజులు, ఆ భక్తి మన కర్థము కాదు” అని యొకరు, “అది యంతయు కల్పన” యని మఱియొకరు ముగింతురు. మా తల్లిగారు పిల్లముందు మాట మార్చుమని కోరినదియు ఈ భావముతోనే.

ఒకరు కూల్పుమందురు, ఒకరు కప్పిపెట్టుమందురు. కాని నాకు తోచినంతవఱకు ఈ యిద్దఱు కోరునది యొక్కటియే. జరిగినదాని ముఖము చూడవలసిన యవసరము తమకు కలుగకూడదు. కూల్చినవాడు చేతులు దులుపుకొని శుద్ధుడ నైతిననుకొనును. కప్పినవాడు చెంపలు వేసికొని శుద్ధుడ నైతిననుకొనును. చచ్చినవాని సంగతి ఇద్దఱికిని పట్టదు.

కాపాడుట వేఱు, కొనియాడుట వేఱు. ఈ భేదమును మన చట్టములే గుర్తించినవి. సహగమనమును 1829 లో బంగాళమునను, 1830 లో మద్రాసు రాజధానియందును నిషేధించిరి. అయినను 1987 లో రాజస్థానమున దేవరాల గ్రామములో ఒక యువతి భర్తచితిమీద దగ్ధమగుటయు, వేలజనులు అచట గుమిగూడి ఉత్సవము చేయుటయు సంభవించెను. ఆ యేటనే పార్లమెంటు క్రొత్త చట్టము చేసి, సతిపేర గుడి కట్టుటను, ఉత్సవము చేయుటను, విరాళములు పోగుచేయుటను నేరములుగ నిర్ణయించెను. మన తెలుగుపల్లెల పొలిమేరలలో గాజుల చేయి పైకెత్తినట్లు చెక్కిన సతీశిలలు నేటికిని కానవచ్చును. ఆ శిలకు పసుపుకుంకుమలు పూసి, ఆమెవలె నీవును కమ్మని ఆడుపిల్లకు చెప్పుట కీర్తనము, అది తప్పు. ఆ శిలను ఎండకును వానకును చెడకుండ నుంచి, ఇచట ఒక స్త్రీ కాలిపోయినది, ఆమెకు బ్రతుకుహక్కు ఉండెడిదని చెప్పుట సంరక్షణము, అది ధర్మము. రాయి యొక్కటియే. దానిముందు నిలిచి మన మాడు మాటనుబట్టి అది విగ్రహమగును, లేదా సాక్షి యగును.

ఇతరదేశములవారును ఈ ప్రశ్న నెదుర్కొనిరి. పోలండు దేశమున ఔష్విట్జ్‌లో నాజీలు పదిలక్షలకు మించిన జనులను, అందధికసంఖ్యాకులగు యూదులను చంపిరి. యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1947 లో, పోలండు ప్రభుత్వము ఆ నిర్బంధశాలను కూల్చక చట్టముచేసి నిలిపెను. హంతకులయెడ గౌరవముచేత నిలిపినది కాదు. కూల్చినయెడల మఱునాడే అట్టిది జరుగలేదని బొంకువారు బయలుదేరుదురని వా రెఱుగుదురు. మన యండమాను సెల్యులరు జైలులో ఏడు కొమ్మలుండెడివి; నేడు మూడే మిగిలినవి. ఆ మూడింటిని 1979 లో జాతీయస్మారకముగ ప్రకటించితిమి. పోయిన నాలుగు కొమ్మలలోని గదుల గోడలు ఇక నెవరికిని ఏమియు చెప్పజాలవు.

అయితే వీరశిరోమండపమునకును జైలునకును భేదము లేదా? కలదు. అదియే ఈ విషయమును కఠినము చేయుచున్నది. జైలులో మనుష్యులను పరులు హింసించిరి. ఇచట మనుష్యులు తమంతట తామే వచ్చిరి. బలాత్కారము కానరాదు. కత్తి వారి చేతిలోనే యున్నది. వారు పిఱికివారు కారు. మూఢులని ఒక్కమాటతో కొట్టివేయుటయు న్యాయము కాదు. ప్రాణమును గడ్డిపోచగ నెంచగలిగిన ధైర్యము లోకమున సులభముగ దొరకునది కాదు. ఆ ధైర్యమే చెఱువు త్రవ్వుటకో, మశూచివచ్చిన వాడలో సేవ చేయుటకో, నోరులేనివానిపక్షమున రాజును ఎదిరించుటకో వినియోగపడి యుండినచో ఎంత మేలు జరిగియుండెడిదో! అట్టి ధైర్యమును కోసి కుప్పవేయుటకు రాజు స్తంభములు నిలిపి, కప్పు వేసి, శాసనము వ్రాయించి, వీరమని పేరు పెట్టెను. తాను మాత్రము తల నిలుపుకొని పుణ్యము మూటగట్టుకొనెను. దోషము విచారింపవలసివచ్చినచో కత్తి పట్టినవానివద్దనే ఆగిపోరాదు. మండపము కట్టినవానివఱకు పోవలెను.

శివాజీమహారాజును గూర్చి మరాఠీ బఖరులలో ఒక కథ కలదు. ఆయన 1677 లో దక్షిణదిగ్విజయమునకు వచ్చినపుడు శ్రీశైలమును దర్శించి, ఆ స్థలప్రభావమునకు పరవశుడై భ్రమరాంబ సన్నిధిని తల నర్పింప సిద్ధపడెననియు, భవానీదేవి ప్రత్యక్షమై, నీచేత కావలసిన కార్యములు పెక్కు గలవని వారించెననియు దాని సారము. ఇది చరిత్రమో కాదో నాకు ముఖ్యము కాదు. కథ చెప్పినవాడు దేవతచే నేమి పలికించెనో అది ముఖ్యము. రాజు తల విలువైనదని దేవతకుగూడ తోచెను. పేరులేని భక్తుడు కత్తి యెత్తినపుడు అట్లు వారించుట కెవరును రాలేదే! వాని చేతగూడ కావలసిన కార్యములుండవా? వాని పొలము లేదా? వాని యిల్లు లేదా?

శ్రీశైలమునుండి మఱలి వచ్చునపుడు బస్సులో చాలసేపు మౌనముగ నుండిన మా తల్లిగారు హఠాత్తుగ, “ఆ తల ఇచ్చినవాడికీ ఒక తల్లి ఉండే ఉంటుంది గదరా” అనిరి. మాట మార్చుమని చెప్పిన నోటినుండియే ఈ మాట వచ్చినది. నేను చదివిన గ్రంథములలో ఎచటను ఆ తల్లి ప్రసక్తి లేదు. మండపము లేకున్నచో మా యమ్మకు ఆమె తలంపు వచ్చెడిది కాదు.

ఇక మన యిండ్లలోనికి చూతము. తల నఱికికొను ఆచారము పోయినది. తల లిచ్చినవారిని పొగడి పని జరుపుకొను ఆచారము పోలేదు. ఇంటిల్లిపాది భుజించిన పిమ్మట మిగిలినదానితో సరిపెట్టుకొను ఇల్లాలిని మనము త్యాగమూర్తి యందుము. తమ్ముని చదువుకై తన చదువు మానుకొన్న అక్కను దేవత యందుము. ఈ బిరుదములు మాటలతో కట్టిన వీరశిరోమండపములు. ఆ తమ్ముడు ఉద్యోగస్థుడై సభలలో అక్క త్యాగమును కన్నీటితో వర్ణించును. ఆమె నేమి చదువగోరితివని యొకనాడైన నడుగడు. త్యాగము చేయువారు గొప్పవారు కారని నే ననను. ఒకరి త్యాగముమీద సుఖముగ కూర్చున్నవాడు దానిని పొగడునపుడు, ఆ పొగడ్తలో అనవేమారెడ్డి శాసనపు ధ్వని కొంత వినబడునని మాత్రమే యందును. ఈ పోలికను నాకు నేర్పినది ఆ మండపమే. దానిని కూల్చినయెడల ఈ పాఠము నెచట చదువుకొందుము?

పేరులేనివారి కథ 1377 తో ముగియలేదు. శ్రీశైలము క్రిందనే కృష్ణపై ఆనకట్టకు 1963 లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. జలాశయము నిండనారంభించునప్పటికి వందకు పైబడిన గ్రామములు మునిగిపోవలసివచ్చెను. కృష్ణాతుంగభద్రల సంగమమున నుండిన బాదామి చాళుక్యులనాటి కూడలి సంగమేశ్వరాలయమును రాయిరాయిగ విప్పి ఆలంపురమున మఱల నిలిపిరి. పాపనాశి దేవాలయములను నట్లే తరలించిరి. ఆ పనివారి నేర్పు శ్లాఘనీయము; ఏ రాయి యేవరుసలోనిదో తప్పక నిలిపిరి. కాని 1981 లో ఇండ్లు విడిచి బలవంతముగ వెడలింపబడిన వేలాది కుటుంబములలో ఏ కుటుంబ మేయూర స్థిరపడెనో, ఏ ఇరుగు ఏ పొరుగునుండి విడిపోయెనో అంత శ్రద్ధగ లెక్క వ్రాసినవా రెవరు? ఆనకట్ట కూడదని నేను వాదించుట లేదు. దాని నీరు మన పొలములలో పాఱుచున్నది. దాని విద్యుత్తు మన యిండ్లలో వెలుగుచున్నది. అందుచేతనే ఆ ఋణము మనదియు నగుచున్నది. నేటి నంద్యాల జిల్లాలోని సప్తనదీసంగమేశ్వరము ఏటేట నీట మునిగి, వేసవికి ముందు నీరు తగ్గగానే బయటపడును. జనులు పడవలమీద పోయి కొలుతురు. గుడి తేలినపుడు చుట్టునున్న ఊళ్ల పునాదులను గూర్చి యడుగువాడు ఒక్కడైన నుండవలెను.

కావున కాపాడు విధమును గూర్చి రెండుమాటలు చెప్పి ముగింతును. 1904 నాటి చట్టముమొదలు 1958 నాటి కేంద్రచట్టము, 1960 నాటి మన రాష్ట్రచట్టమువఱకు ప్రాచీనకట్టడములకు రక్షణ మేర్పడియే యున్నది. రాజ్యాంగము 49 వ అధికరణమున ఈ భారమును ప్రభుత్వముమీద నుంచెను. 1976 లో చేర్చిన ప్రాథమికవిధులలో మన సంస్కృతివారసత్వమును కాపాడు భారమును పౌరునిమీదను పెట్టెను. 2010 నాటి సవరణచే కేంద్రసంరక్షిత కట్టడమునకు నూఱు మీటర్లలోపల క్రొత్తకట్టడములు నిషిద్ధములు. ఇవి యన్నియు మంచివే. అయితే చట్టము రాతిని కాపాడగలదు గాని రాతియందలి యర్థమును కాపాడజాలదు. అది గృహస్థుల పని.

రాతికిగూడ శత్రువు గొడ్డలి యొక్కటియే కాదు. భక్తితో పూసిన సున్నము శాసనాక్షరములను మ్రింగును. అందముకొఱకు వేసిన రంగు ఉలిగుర్తులను కప్పును. తిరుగుప్రయాణమున మా తల్లిగారి కోరికపై అహోబిలమునకు పోవుచు అల్లగడ్డలో దిగితిమి. అచట శిల్పుల పందిళ్లలో ఉలిచప్పుడు తెఱపిలేక వినవచ్చుచుండును. మా మేనకోడలు ఒక వృద్ధశిల్పిని, పాతమండపములలో అరిగిన బొమ్మలను మఱల చెక్కగలవా తాతా యని యడిగినది. ఆయన నవ్వి, “చెక్కగలను తల్లీ. కాని మళ్లీ ఉలి తాకితే పాతవాడి చేయి పోతుంది. అరిగినా దాన్నట్లా వదలడమే మేలు” అనెను. విగ్రహములు చెక్కి బ్రతుకువాడు తన పనికి తానే హద్దు చెప్పుకొనెను.

వీరశిరోమండపము నిలువవలెను. దానికి సున్నము వేయవలదు, దండ వేయవలదు. దానిముందు ఒక ఫలకమున తేటతెలుగులో, ఇచట ఇట్లు జరిగినది, కట్టించినవాడు ఫలానా, ప్రాణము లిచ్చినవారి పేర్లు ఎవరును వ్రాసియుంచలేదు అని వ్రాయవలెను. ఆ మండపము తప్ప వారికి వేఱు సమాధి లేదు. దానిని కూల్చినచో వారిని రెండవమాఱు చంపినట్లు. దానిని కొనియాడినచో మూడవవానికి కత్తి యందిచ్చినట్లు. పిల్లలను వెంటబెట్టుకొని పోయినపుడు తల్లిదండ్రులు అచట మాట మార్చకుందురు గాక. వాళ్ల పేర్లేమని బిడ్డ యడిగినపుడు, తెలియదు తల్లీ యని చెప్పుటకు సిగ్గుపడుదురు గాక. ఆ సిగ్గు మిగిలియున్నంతకాలము ఆ రాళ్లను నిలిపినందుకు ఫలము గలదు.